లాట్వియన్ ‘లబ్స్’ శబ్దము : అర్థములు, వ్యుత్పత్తి

బాల్టిక్ సముద్రతీరమున సుమారు 15 లక్షల మందికి మాతృభాషయైన లాట్వియన్‌లో ‘మంచి’ అను అర్థమున వాడబడు విశేషణము ‘లబ్స్’. ఆ భాష నేర్చుకొనువాడు మొదటి దినముననే వినునట్టి పదమిది. సంస్కృతముతో పరిచయముగల తెలుగు విద్యార్థి దీనిని చూచినంతనే ‘లాభ’ శబ్దమును స్మరించును. ఈ స్మరణము కేవలము శ్రవణసామ్యమువలన కలిగిన భ్రమ యని త్రోసివేయుటకు వీలులేదు. ఇండో-ఐరోపా భాషల తులనాత్మక నిఘంటువులలో సంస్కృత ‘లభ్’ ధాతువును, ఈ ‘లబ్స్’ శబ్దమును ఒకే మూలమునకు చేర్చు ప్రతిపాదన తరచుగా కనబడుచున్నది. ‘పట్టుకొనబడినది, పొందబడినది’ అను అర్థమునుండి ‘సంపద’యు, దానినుండి ‘మంచి’యు పుట్టినవని ఆ ప్రతిపాదన సారాంశము. ఈ వాదము ఎంతవరకు నిలుచునో, దానికి సాక్ష్యములుగా చూపబడు పదములు నిజముగా ఏమి చెప్పుచున్నవో ఈ వ్యాసమున విచారింపదలచితిమి.

విచారమునకు ముందు ఆ భాషయొక్క స్థితిని సంగ్రహముగా చెప్పుట అవసరము. ఇండో-ఐరోపా కుటుంబమున బాల్టిక్ శాఖకు చెందిన భాషలలో నేడు జీవించియున్నవి లాట్వియన్, లిథువేనియన్‌లు. మూడవదియైన ప్రాచీన ప్రష్యన్ 18వ శతాబ్దారంభమునకు అంతరించినది. దానిని గూర్చి మనకు తెలిసినదానిలో అధికభాగము 1545, 1561 సంవత్సరములలో అచ్చుపడిన క్రైస్తవ ప్రశ్నోత్తర గ్రంథములవలన లభించినదే. లాట్వియన్ భాషలో మనకు దక్కిన తొలి ముద్రిత గ్రంథము 1585 నాటిది. మాంత్సేలియుస్ నిఘంటువు 1638లోను, గ్లూక్ చేసిన సంపూర్ణ బైబిలు అనువాదము 1689లోను వెలువడినవి. అనగా బాల్టిక్ భాషల ముద్రిత సాక్ష్యము మన నన్నయకు ఐదు శతాబ్దముల తరువాతిది. ఐనను ఈ భాషలు ప్రాచీనరూపములను కాపాడిన తీరు భాషాశాస్త్రజ్ఞులను ఆకర్షించినది. ముఖ్యముగా లిథువేనియన్‌కు సంస్కృతమునకు గల సామ్యము 19వ శతాబ్దమునుండి పండితలోకమున ప్రసిద్ధము. ఈ ప్రసిద్ధియే కొన్ని సందర్భములలో విమర్శకు అడ్డుగోడయగుచున్నది.

మొదట రూపమును చూతము. ‘లబ్స్’ అని వ్రాయబడు ఈ పదము ఉచ్చారణమున ‘లప్స్’ అని వినబడును. సకారమునకు ముందున్న బకారము శ్వాసవర్ణముగా మారుటయే దీనికి కారణము. స్త్రీలింగమున ‘లబ’, బహువచనమున ‘లబి’ అనునపుడు బకారము స్పష్టముగా తిరిగి వచ్చును. తుది సకారము పుంలింగ ప్రథమైకవచన ప్రత్యయము. సంస్కృతమున విసర్గగా నిలిచినది ఇదియే. సంస్కృత ‘దేవస్’ శబ్దమునకు లిథువేనియన్ ‘దియెవస్’, లాట్వియన్ ‘దియెవ్స్’ సమానములు. లాట్వియన్ తుది అక్షరమందలి హ్రస్వ అకారమును జారవిడిచినది. అట్లే లిథువేనియన్‌లో ‘లబస్’ కాగా లాట్వియన్‌లో ‘లబ్స్’ అయినది. ప్రాచీన ప్రష్యన్‌లోను ‘లబ్స్’ అను రూపమే ‘మంచి’ అను అర్థమున కనబడుచున్నది. కావున ఈ విశేషణము మూడు బాల్టిక్ భాషలకు ఉమ్మడి సొత్తు. మూడింటను అర్థము ‘మంచి’యే యగుట గమనింపదగిన విషయము.

లాట్వియన్‌లో ఈ పదముయొక్క అర్థవిస్తారము పెద్దది. మంచి మనిషి, మంచి వాతావరణము, మంచి పంట అను ప్రయోగములు సహజములు. ‘లబ్స్ గబల్స్’ అనగా ‘చాల దూరము’ అని అర్థము. ఇచట గుణము పరిమాణమైనది. ‘లబి’ అను క్రియావిశేషణము ‘బాగుగా’ అను అర్థముతోపాటు అంగీకారమును తెలుపును. మనము ‘మంచిది’ అని తలయూపు సందర్భముననే లాట్వియనులు ‘లబి’ యందురు. ఉదయమున ‘లబ్‌రీత్’, పగటివేళ ‘లబ్‌దియెన్’, సాయంకాలమున ‘లబ్‌వకర్’ అని పలుకరించుకొందురు. వ్యతిరేకార్థమున ‘నెలబ్స్’ అనునది కేవలము ‘మంచిది కానిది’ యని మాత్రమే కాక ‘దుష్టము’ అను బలమైన అర్థమును పొందినది. దాని నిశ్చయరూపమైన ‘నెలబైస్’ సైతానునకు పేరు. ఆ పేరు ఎత్తుటకు వెరచువారు ‘మంచివాడు కానివాడు’ అని చాటుగా చెప్పిన మాట కాలక్రమమున వాని పేరేయైనది.

ఇచట ‘నిశ్చయరూపము’ అను మాటను వివరింపవలసియున్నది. లాట్వియన్ విశేషణములకు రెండు రూపములు కలవు. తెలియని వస్తువును గూర్చి చెప్పునపుడు అనిశ్చయరూపము, తెలిసిన వస్తువును గూర్చి చెప్పునపుడు నిశ్చయరూపము వాడబడును. ‘లబ్స్’ అనిశ్చయము, ‘లబైస్’ నిశ్చయము. స్త్రీలింగమున ఈ భేదము తుది అచ్చుయొక్క దైర్ఘ్యమున మాత్రమే యున్నది. ‘లబ రువొక’ అనగా ‘ఒక మంచి చేయి’. ‘లబా రువొక’ అనగా ‘ఆ మంచి చేయి’ యనియు, ‘కుడిచేయి’ యనియు అర్థము. ‘కుడి’ అను అర్థము నిశ్చయరూపమునందే స్థిరపడినది. మనిషికి ఉన్న రెండు చేతులలో ‘ఆ మంచిది’ ఏదో అందరికి తెలిసినదే కదా! ఒక అర్థము పదమంతటికి కాక పదముయొక్క ఒక్క రూపమునకే అంటిపెట్టుకొనుట అర్థపరిణామమును పరిశీలించువారికి ఉపయోగకరమైన ఉదాహరణము.

‘కుడి’ అను అర్థము ప్రాచీనము కాదనుటకు సోదరభాషయే సాక్షి. లిథువేనియన్‌లో కుడిచేతికి ‘దెషినే’ అని పేరు. ఇది సంస్కృత ‘దక్షిణ’ శబ్దమునకు బంధువు. లాట్వియన్ ఈ వారసత్వపదము స్థానమున ‘మంచి’ని కూర్చుండబెట్టినది. పొరుగుననున్న జర్మన్, రష్యన్ భాషలు ‘సరియైనది, తిన్ననిది’ అను భావముగల పదమును కుడికి వాడుచుండగా, మరియొక పొరుగుభాషయైన ఎస్తోనియన్‌లో ‘పరెమ్’ అను పదము ‘మేలైనది’ అనియు, ‘కుడి’ యనియు అర్థమిచ్చుచున్నది. ఎస్తోనియన్ ఇండో-ఐరోపా భాష కాదు. ఫిన్నిక్ శాఖకు చెందినది. ఆ శాఖకు చెందిన జనులు లాట్వియనులతో అనేక శతాబ్దములు కలిసిమెలిసి జీవించిరి. ఇట్టిచోట అర్థసామ్యము కుటుంబబంధమువలన కాక ఇరుగుపొరుగు బంధమువలన ఏర్పడుట సంభవము. కావున ‘లబ్స్’ శబ్దముయొక్క మూలార్థమును నిర్ణయించునపుడు ‘కుడి’ అను అర్థమును లెక్కలోనికి తీసికొనరాదు.

ఇక వ్యుత్పత్తి. ‘లబ్స్’ శబ్దమును ‘లభ్’ ధాతువుతో కలుపువారు ముఖ్యముగా రెండు విధములైన సాక్ష్యములను చూపుదురు. మొదటిది వర్ణసామ్యము. రెండవది బాల్టిక్ భాషలలో ఈ విశేషణము చుట్టునున్న ‘సంపద, ప్రయోజనము’ అను అర్థముగల పదముల గుంపు. ఈ రెండింటిని వేరువేరుగా పరీక్షింపవలయును.

వర్ణసామ్యమును తీసికొందము. ధాతువున వర్ణములు మూడు. సంస్కృత భకారమునకు బాల్టిక్ భాషలలో బకారము సమానమగుట నియతము. సంస్కృత ‘భ్రాతృ’ శబ్దమునకు లాట్వియన్ ‘బ్రాలిస్’, ‘నాభి’కి ‘నబ’, ‘ఉభౌ’ అనుదానికి ‘అబి’ బంధువులు. ఐతే బాల్టిక్ భాషలలో మహాప్రాణములు లేవు. మూలభాషయందలి అల్పప్రాణ బకారమును, మహాప్రాణ భకారమును అచట ఒకటియైనవి. కావున ‘లబ్స్’ నందలి బకారము భకారమునుండి వచ్చియుండవచ్చును, వచ్చితీరవలయునని లేదు. అచ్చు విషయమున సందేహము రెండువైపుల నున్నది. మూలభాషయందలి అ, ఒ అను రెండు హ్రస్వములు బాల్టిక్‌లో అకారముగా కలిసినవి. సంస్కృతమున ఎ, ఒ, అ అను మూడును అకారముగా కలిసినవి.

లకారమున చిక్కు సంస్కృతమువైపున నున్నది. ఋగ్వేదమున ‘రభ్’ అను రూపమే ప్రాయికము. ‘లభ్’ రూపము అర్వాచీనమని చెప్పబడు దశమమండలమున కనబడుచున్నది. ధాతుపాఠము రెండింటిని వేరు ధాతువులుగా గ్రహించి, ‘లభ్’ ధాతువునకు ప్రాప్తి యనియు, ‘రభ్’ ధాతువునకు రాభస్యమనియు అర్థము చెప్పినది. నేటి భాషాశాస్త్రజ్ఞులు ఇవి రెండును ఒకే ధాతువుయొక్క రూపభేదములని తలచుచున్నారు. ఈ లెక్కను మనము తెలుగున వాడు ‘ఆరంభము’, ‘లాభము’ అను తత్సమములు దూరపు చుట్టములగును. బాల్టిక్ భాషలు ర-ల భేదమును చక్కగా కాపాడినవి. కావున ‘లబ్స్’ నిజముగా ఈ ధాతువునకు చెందినదైనచో మూలమున లకారమే యుండెనని చెప్పుటకు అది మంచి ఆధారమగును. కాని బంధుత్వమును ముందుగా అంగీకరించి, దానిచే లకారమును నిర్ణయించి, ఆ లకారసామ్యముచే మరల బంధుత్వమును సమర్థించుట చక్రకదోషము. వర్ణపరీక్ష ఫలితము ఇంతియే: బంధుత్వమునకు అభ్యంతరము లేదు, నిర్ణాయకమైన బలమును లేదు.

కావున భారమంతయు అర్థసాక్ష్యముపై పడుచున్నది. లాట్వియన్‌లో ‘లబీబ’ అనగా ధాన్యము. ‘లబుమ్స్’ అనగా ప్రయోజనము, మేలు. ‘లబద్’ అను పరపదము షష్ఠ్యంతము తరువాత నిలిచి ‘కొరకు, నిమిత్తము’ అను అర్థమిచ్చును. లిథువేనియన్‌లో ‘లోబిస్’ అనగా నిధి, సంపద. ‘లోబ్తి’ అనగా ధనవంతుడగుట. ఇన్ని పదములు ‘సంపద, ఫలము’ అను భావమునే సూచించుచుండగా మూలార్థము ‘పొందబడినది’ యనుటలో తప్పేమి యని ప్రశ్న. పైకి చూచుటకు ఈ ప్రశ్న సమంజసమే. కాని ఒక పదము ఏ అర్థమిచ్చుచున్నదో చూచుట చాలదు. అది ఎట్లు నిర్మింపబడినదో చూడవలయును.

‘లబీబ’ యందలి ‘ఈబ’ ప్రత్యయము విశేషణములనుండి భావనామములను కల్పించునది. ‘బ్రీవ్స్’ స్వతంత్రుడు, ‘బ్రీవీబ’ స్వాతంత్ర్యము. ‘యౌన్స్’ యువకుడు, ‘యౌనీబ’ యౌవనము. ఈ లెక్కను ‘లబీబ’ యనగా నిర్మాణమునుబట్టి ‘మంచితనము, మంచి వస్తువు’ అని మొదటి అర్థము. ‘ధాన్యము’ అనునది దాని సంకోచము. ‘లబుమ్స్’ నందలి ‘ఉమ్స్’ ప్రత్యయమును అట్టిదే: ‘ఔగ్స్త్స్’ ఎత్తైన, ‘ఔగ్స్తుమ్స్’ ఎత్తు. కావున ఈ రెండు పదములును ‘మంచి’ అను అర్థము స్థిరపడిన తరువాత పుట్టినవే కాని దానికి ముందటి దశను కాపాడినవి కావు. ‘లబద్’ అనునదియు ‘ఒకరి మంచికి’ అనుదానినుండి ‘ఒకరి కొరకు’ అను వైపు సాగిన ప్రయోగము. పిల్లలను తల్లిపుట్టుకకు సాక్షులుగా పిలుచుట ఎట్టిదో, ఈ పదములను మూలార్థమునకు సాక్షులుగా పిలుచుట అట్టిది.

‘మంచి’ యనుపదము ధాన్యముగా సంకోచించుట సంభవమా యని సంశయించువారికి మన భాషయే సమాధానము చెప్పును. ‘మంచినీళ్లు’ అనగా గుణముగల నీళ్లన్నియు కావు, త్రాగునీళ్లు. ‘మంచినూనె’ అనగా నువ్వులనూనె. నిత్యజీవితమున ఏ వస్తువు ప్రధానమో అది ఆ జాతిలో ‘మంచిది’ యగుచున్నది. ‘మంచి యెండలో వచ్చినాడు’ అనునపుడు ‘మంచి’కి ‘తీవ్రమైన’ అని అర్థము. లిథువేనియన్‌లో ‘లబై’ అనగా ‘మిక్కిలి’. అచట సాధారణముగా ‘మంచి’ అను అర్థమున ‘గెరస్’ అను వేరొక పదము వాడుకలోనికి రాగా, ‘లబస్’ ముఖ్యముగా పలుకరింపులలోను, ఈ ‘మిక్కిలి’ అను అర్థమునను మిగిలినది. తెలుగు, బాల్టిక్ భాషల నడుమ వంశసంబంధము లేదు. మానవుల అర్థకల్పనలో ఇట్టి మార్గములు సహజములని చూపుటకే ఈ పోలికను తెచ్చితిమి.

ఇప్పుడు మిగిలిన సాక్షులు లిథువేనియన్ ‘లోబిస్’, ‘లోబ్తి’ పదములు. సంస్కృత పండితునకు ఈ జంట మిక్కిలి ఆకర్షణీయముగా కనబడును. ‘లభ్’ పక్కన ‘లాభ’ యున్నట్లే ‘లబస్’ పక్కన ‘లోబిస్’ ఉన్నది. పైగా లిథువేనియన్ ఓకారము మూలమున దీర్ఘ ఆకారము. ‘భ్రాతృ’ శబ్దమునకు ఆ భాషలో ‘బ్రోలిస్’ అనుటయే దీనికి నిదర్శనము. అర్థమును ‘లాభము’నకు దగ్గరగా ఉన్నది. ప్రతిపాదకుల వాదమునకు ఇంతకన్న బలమైన ఆధారము లేదు.

కాని ఈ జంటను లిథువేనియన్ వ్యాకరణమునందే ఉంచి చూచినచో వేరు సంగతి బయటపడును. ఆ భాషలో ‘ప్లతుస్’ అనగా విశాలము, ‘ప్లోతిస్’ అనగా వెడల్పు. ‘గ్రఝుస్’ అనగా అందమైన, ‘గ్రోఝిస్’ అనగా అందము. ‘గెరస్’ అనగా మంచి, ‘గేరిస్’ అనగా మంచితనము. విశేషణమునందలి హ్రస్వము దీర్ఘమై, ‘ఇస్’ ప్రత్యయము చేరి భావనామము ఏర్పడుట అచట చక్కని నియమము. ‘లబస్’ నుండి ‘లోబిస్’ ఏర్పడుటకు ఇంతకన్న వేరు కారణము వెదుకవలసిన పనిలేదు. ‘మంచి’ విశేషణము; ‘మంచితనము, మేలు’ దాని భావనామము; అది కాలక్రమమున ‘సంపద’యైనది. క్రియారూపమైన ‘లోబ్తి’ యును ఇట్లే సమర్థింపబడును. ‘బ్రంగుస్’ అనగా ప్రియమైన, వెల హెచ్చిన. ‘బ్రంగ్తి’ అనగా వెల హెచ్చుట. గుణవాచకమునుండి ‘అట్టిదగుట’ అను అర్థముగల క్రియ పుట్టుట ఆ భాషకు కొత్త కాదు. కావున ‘లాభ’ శబ్దముతో ‘లోబిస్’ నకు గల దీర్ఘసామ్యము, రెండు భాషలలో వేరువేరు నియమములవలన ఏర్పడిన యాదృచ్ఛిక సామ్యము కావచ్చును.

దీనివలన తేలినదేమి? బాల్టిక్ భాషలలో ‘సంపద’ అను అర్థముగల పదములన్నియు ‘మంచి’ అను విశేషణమునుండి ఆ భాషల సొంత నియమములచేతనే పుట్టించవచ్చును. మూడు భాషలలోను విశేషణమునకు అర్థము ‘మంచి’యే. ‘పట్టుకొను, పొందు’ అను అర్థముతో ఈ ధాతువునుండి ఏర్పడిన క్రియ బాల్టిక్ సాక్ష్యమునందు చూపబడలేదు. అట్లగుటచే ‘పొందుట – సంపద – మంచి’ అను క్రమము బాల్టిక్ సాక్ష్యమునుండి తీసినది కాదు. సంస్కృతమునుండి తెచ్చి బాల్టిక్‌పై మోపినది. సాక్ష్యము చూపునది ‘మంచి – మేలు – సంపద’ అను విపరీతక్రమమును. ఇంగ్లీషున ‘గుడ్’ అను విశేషణమునుండి సరకులను తెలుపు ‘గూడ్స్’ ఏర్పడినదియు ఈ క్రమముననే.

ఇంతమాత్రముచే ‘లభ్’ – ‘లబ్స్’ సంబంధము ఖండింపబడినదని మేము చెప్పుటలేదు. అతిప్రాచీనదశలో, బాల్టిక్ భాషలు విడిపోవుటకు ముందే, ‘పొందదగినది’ అను అర్థమునుండి ‘మంచి’ ఏర్పడియుండుట అసంభవము కాదు. కాని ‘మంచి’కి పోవు దారులు ఒక్కటి కావు. సంస్కృతమున ‘సత్’ అనునది ‘ఉన్నది’ అను అర్థమునుండి ‘మంచిది’ అను అర్థమునకు వచ్చినది. ‘సాధు’ శబ్దము గమ్యమును చేరుటను తెలుపు ధాతువునుండి వచ్చినది. తెలుగున ‘మేలు’ అనునది ‘పైన’ అను అర్థముగల ద్రావిడ శబ్దమునుండి ఏర్పడినది. తమిళమున ‘మేల్’ నేటికిని ‘పైన’ అనియే అర్థమిచ్చును, మన ‘మేలుకట్టు’ నందును ఆ అర్థమే నిలిచియున్నది. ‘మేలు’ శబ్దమునకు నేడు ‘ప్రయోజనము’ అను అర్థమున్నదని, అది మొదట ‘లాభము’ అను అర్థమున పుట్టినదని ఎవరైన చెప్పినచో మనము అంగీకరింపము. లాట్వియన్ పదము విషయమున మాత్రము అంగీకరించుటకు కారణము, మనకు ఆ భాష దూరమగుటయు, సంస్కృతము దగ్గరయగుటయు తప్ప వేరు కానరాదు.

నిశ్చితమైన వ్యుత్పత్తి ఎట్లుండునో పోల్చి చూచుట పరిశోధక విద్యార్థులకు ఉపకరించును. లాట్వియన్‌లో నూరునకు ‘సిమ్త్స్’ అని పేరు. సంస్కృత ‘శతమ్’ తో దీనిని పక్కపక్కన పెట్టినచో చెవికి సామ్యము అంతగా తోచదు. ఐనను ఈ బంధుత్వము నిస్సందేహము. లిథువేనియన్ ‘షిమ్తస్’, లాటిన్ ‘కెంతుమ్’ మధ్యవర్తులుగా నిలిచి, ప్రతి వర్ణమునకు కారణము చెప్పుచున్నవి. సంస్కృత శకారమునకు లిథువేనియన్ షకారము, లాట్వియన్ సకారము. మూలమున అచ్చువలె వర్తించిన మకారమునకు సంస్కృతమున అకారము, బాల్టిక్‌లో ‘ఇమ్’. అర్థమున కొంచెమైనను భేదము లేదు. ‘లబ్స్ – లాభ’ జంట చెవికి మిక్కిలి దగ్గర, ప్రమాణమునకు దూరము. ‘సిమ్త్స్ – శతమ్’ జంట చెవికి దూరము, ప్రమాణమునకు దగ్గర. చెవి చెప్పినదానిని నియమము బలపరుపనిచో అది ఊహగానే మిగులును.

ఈ సందర్భమున మరియొక హెచ్చరిక అవసరము. తెలుగు ‘లాభము’ తత్సమము. లాట్వియన్ పదముతో దానికి సంబంధము సిద్ధించినను అది సంస్కృతముద్వారా వచ్చినదే యగును కాని తెలుగు భాషకు బాల్టిక్ భాషలతో గల బంధుత్వమునకు ఆధారము కానేరదు. ద్రావిడ భాషలు వేరు కుటుంబమని 1816లో ఎల్లిస్ గుర్తించినది, 1856లో కాల్డ్వెల్ విపులముగా నిరూపించినది మన విద్యార్థులెరిగినదే. ఐనను అరువుపదములను ఆధారముగా గొని దూరదేశపు భాషలతో చుట్టరికములు కలుపు వ్యాసములు అప్పుడప్పుడు వెలువడుచునే యున్నవి. పదములను పోల్చువారు ముందుగా ఆ పదము తమ భాషలో పుట్టినదో, చేరినదో తేల్చుకొనవలయును.

మీలెన్‌బహ్స్ ఆరంభింపగా ఎండ్జెలీన్స్ పూర్తిచేసి 1923–1932 నడుమ నాలుగు సంపుటములుగా ప్రకటించిన లాట్వియన్ మహానిఘంటువు ఇట్టి పరిశీలనలకు నేటికిని ప్రధానమైన పునాది. 1894–1915 నడుమ క్రిష్యానిస్ బరొన్స్ ప్రకటించిన జానపదగీతముల సంకలనము రెండు లక్షలకు మించిన పాఠములతో ఆ భాషయొక్క వాడుకకు గొప్ప నిధి. ‘లబ్స్’ శబ్దముయొక్క పూర్వదశను గూర్చి ముందు పరిశోధన జరుపువారు సంస్కృత ధాతుపాఠమునుండి కాక ఇట్టి వాడుకలనుండి బయలుదేరవలయునని మా అభిప్రాయము. ‘పొందబడినది’ అను అర్థము సూచించు ఒక్క ప్రయోగమైనను, విశేషణమునుండి పుట్టించుటకు వీలులేని ఒక్క క్రియారూపమైనను బాల్టిక్ భాషలలో దొరకినచో పై ప్రతిపాదనకు బలము చేకూరును. అట్టిది దొరకునంతవరకు నిఘంటువులలో ఈ వ్యుత్పత్తి ప్రక్కన ‘సంభావ్యము’ అను మాట ఉండవలసినదే.